వరసలో వచ్చిన వాక్యం

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు కొట్టాక, కేకు ముక్క కన్నా ముందు వాగ్దానాల పళ్లెం వస్తుంది. వేలెడు పొడవు కార్డులు, అన్నీ బోర్లా. ఒక్కొక్కరే వెళ్లి కళ్లు మూసుకుని, లోపల ఏదో అనుకుంటూ ఒకటి తీస్తారు. తీసి అక్కడే చదవరు. రెండడుగులు పక్కకొచ్చి ట్యూబులైటు వెలుగులోకి తిప్పి చూసుకుంటారు. పెళ్లి కావలసిన పిల్ల తల్లి, వీసా కోసం కాచుకున్న కుర్రాడు, ఆపరేషన్ తేదీ దగ్గరపడ్డ పెద్దాయన, ముగ్గురూ ఆ రెండు వరసల అచ్చులో తమ సంగతి ఉందేమోనని వెతుక్కుంటారు. మాకు వదిన వరస అయ్యే ఒకావిడకు వచ్చిన కార్డు అంతగా నచ్చలేదు. "ఇది మా బుజ్జిగాడి పేర తీశానండీ పాస్టరుగారూ, ఇప్పుడు నాది" అని ఇంకోటి తీసింది. పాస్టరుగారు నవ్వి ఊరుకున్నారు.

ఈ అలవాటును ఎగతాళి చేయాలని కాదు. ఆ కార్డు ఏడాది పొడుగునా బైబిల్లోనో పర్సులోనో ఫోను వెనక కవర్లోనో ఉంటుంది. గల్ఫ్ వెళ్లేవాళ్ల పాస్‌పోర్టులో కూడా చూశాను. ఆటో అద్దం మీద, ఇంటి గుమ్మం మీద, శుభలేఖ మీద, ఆఖరికి సమాధి రాయి మీద కూడా వచనం రాయించుకునే జనం మనం. గుమ్మానికి యెహోషువ 24:15, ప్రయాణానికి 121వ కీర్తన, సమాధికి రెండో తిమోతి 4:7. ఎవరూ నియమం పెట్టకుండానే స్థిరపడిపోయాయి ఇవి. ఒక మాట పట్టుకుని రోజంతా గడపడం చిన్న విషయమేమీ కాదు. నా పేచీ ఆ పళ్లెంతోనే. అందులో దేవుడు ఇస్తానన్న మాటలే ఉంటాయి. మనల్ని అడిగిన మాట ఒక్కటీ ఉండదు.

బలిపీఠం దాకా తెచ్చిన కానుకను అక్కడే వదిలేసి, ముందు వెళ్లి తోబుట్టువుతో రాజీపడి రమ్మని మత్తయి 5:24లో ఉంది. గట్టు తగాదాలో అన్నతో మాటలు మానేసిన మనిషికి ఆ కార్డు వచ్చిందనుకోండి. జనవరి ఒకటో తారీఖు పొద్దున్నే కొత్త చొక్కా తొడుక్కుని ఎటు వెళ్లాలి? విందు చేసినప్పుడు తిరిగి పిలవగల చుట్టాలను కాదు, పిలవలేని బీదలను పిలవమని లూకా 14లో ఉంది. దాన్ని శుభలేఖ మీద వేయించినవాళ్లను నేనింతవరకు చూడలేదు. కార్డులు అచ్చేసేవాళ్లకు జనం సంగతి బాగా తెలుసు.

పళ్లెంలో తరచూ పడేది యిర్మీయా 29:11. మీకు మేలే తలపెట్టాను, కీడు కాదు, మీకు ముందుకాలం ఉంది అని దేవుడు చెప్పే చోటు. కేలండర్ల మీద, కాఫీ కప్పుల మీద, పదో తరగతి పరీక్షల ముందు వాట్సాప్‌లో, ఎక్కడ చూసినా అదే. ఆ అధ్యాయం మొదటినుంచీ చదివితే మాత్రం కథ మరోలా ఉంటుంది. అది ఒక ఉత్తరం. క్రీస్తు పూర్వం 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునీ, పెద్దలనీ, పనివాళ్లనీ చెరపట్టి బబులోనుకు తోలుకుపోయాడు. వాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపిన జాబు. అందులో ముందున్నది వాగ్దానం కాదు, పనుల జాబితా. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి. ఆ తర్వాత పదో వచనంలో లెక్క: డెబ్బయి ఏళ్లు. అది దాటాకే పదకొండు. అంటే ఆ ఉత్తరం విన్నవాళ్లలో నడివయసు వాళ్లెవరూ ఆ మేలును కళ్లారా చూడరు. మనవల కోసం ఇచ్చిన మాట అది.

దానికి ముందు అధ్యాయం, 28, ఇంకా ఆసక్తిగా ఉంటుంది. హనన్యా అనే ప్రవక్త గుడిలో జనం ముందు నిలబడి రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని, బబులోను కాడి విరిగిపోతుందని చెప్పాడు. యిర్మీయా మెడమీద ఉన్న కాడిని అందరూ చూస్తుండగా తీసి విరగ్గొట్టాడు కూడా. యిర్మీయా కూడా ముందు ఆమెన్ అన్నాడు, అలాగే జరిగితే బాగుండునని. తర్వాత మళ్లీ వచ్చి, కాదు, చెక్క కాడి విరిచి ఇనప కాడి తెచ్చావని చెప్పాడు. ఆ యేడే హనన్యా చనిపోయాడు. కాబట్టి ఇవాళ మనం కార్డు మీద అచ్చేసుకునే వాక్యం అసలు పుట్టిందే త్వరగా జరిగిపోతుందని చెప్పే తీపి వాగ్దానానికి జవాబుగా. రెండేళ్లన్న ప్రవక్తకు అప్పట్లో మంచి గిరాకీ ఉండి ఉంటుంది. కువైట్లో ఇళ్లలో పనిచేస్తూ, ఎప్పుడు ఇంటికి వస్తానో తెలియని కోనసీమ ఆడవాళ్లకు, పదకొండో వచనం కన్నా ఐదు, ఆరు, ఏడు వచనాలు ఎక్కువ పనికొస్తాయని నాకనిపిస్తుంది. ఉన్నచోట వేళ్లూనుకోమనడం, ఆ ఊరి బాగు కోరమనడం చేతకాని ఓదార్పు కాదు.

వచనాన్ని ఇలా విడిగా ఊడదీసుకోవడం మనకెలా వచ్చింది? నంబర్లు ఉండబట్టి. బైబిలుకు అధ్యాయాలు పెట్టినవాడిగా పేరున్నది స్టీఫెన్ లాంగ్టన్, 13వ శతాబ్దం మొదట్లో. తర్వాత ఆయన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు. కొత్త నిబంధనను ఇప్పుడు మనం చూసే వచనాలుగా విడగొట్టి నంబర్లేసింది ఒక అచ్చాపీసు యజమాని, రాబర్ట్ ఎస్టియెన్, 1551లో. వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని చేసిన పని. పౌలు రోమాకు రాసినప్పుడు వచనాలు రాయలేదు, జాబు రాశాడు. నంబరు పడ్డాక ప్రతి ముక్కా దేనికదే నిలబడగల వస్తువైంది. కూరలో ముక్కలేరుకున్నట్టు ఏరుకోవడం అక్కణ్నుంచి సులువైంది.

ఏరుకోవడంలో ప్రమాదం ఏమిటో బైబిలే చూపించింది, అదీ చాలా గట్టిగా. 91వ కీర్తన మనవాళ్లకు కవచం. 2020లో, 2021లో కరోనా రోజుల్లో ఆ కీర్తన చదవని క్రైస్తవ ఇల్లు లేదనుకుంటాను. రాత్రి పూట వచ్చే భయం, మధ్యాహ్నం పాడుచేసే రోగం, నీ కుడిపక్కన వేలమంది పడినా నిన్నంటవన్న మాట. ఇంటి తలుపులకు అంటించారు, ఆక్సిజన్ మంచాల పక్కన చదివారు. చదివినవాళ్లూ పోయారు, చదివించుకున్నవాళ్లూ పోయారు. ఆ కీర్తన కొత్త నిబంధనలో ఒకరి నోట వినబడుతుంది. ఎవరి నోట? అరణ్యంలో యేసును శోధించిన సాతాను నోట. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, ఇక్కణ్నుంచి దూకు, దూతలు నిన్ను చేతుల మీద ఎత్తి పట్టుకుంటారని రాసి ఉంది కదా అన్నాడు. ఆ మాట 91వ కీర్తనలోదే. సాతాను కూడా వాగ్దానం కార్డే తీశాడు. యేసు ఇంకో వాగ్దానంతో బదులు చెప్పలేదు. ద్వితీయోపదేశకాండం తీశాడు, దేవుణ్ని పరీక్షించొద్దన్న ఆజ్ఞ. అక్కడ ఆయన ఇచ్చిన మూడు జవాబులూ ఆ పుస్తకంలోవే, ఆరో అధ్యాయం నుంచి ఎనిమిది లోపలివే. ద్వితీయోపదేశకాండం మనం కేలండరుకెక్కించే పుస్తకాల్లో మొదటిదేమీ కాదు.

అలాగని విడి వచనం పట్టుకోవడం ఎప్పుడూ తప్పేనని కొట్టిపారేస్తే, జర్మనీలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊరు అడ్డమొస్తుంది. మొరేవియా నుంచి మత హింస తట్టుకోలేక వచ్చినవాళ్లకు జిన్జెండార్ఫ్ అనే జమీందారు తన భూమిలో చోటిచ్చాడు. 1728 మే 3 సాయంత్రం కూడికలో ఆయన మర్నాటికి ఒక వాక్యం ఇచ్చాడు. పొద్దున్నే దాన్ని ఇంటింటికీ తిరిగి చెప్పారు. ఆ అలవాటు 1731 నుంచి ఏటేటా పుస్తకంగా అచ్చవుతోంది, ఈనాటికీ ఆగలేదు. పాత నిబంధన వాక్యాన్ని ఇప్పటికీ చీటీ తీసే ఎంచుతారు, దానికి జోడుగా కొత్త నిబంధన వాక్యం చూసి పెడతారు. మన పళ్లెంకీ దానికీ ఒక తేడా ఉంది. ఇక్కడ ఎవరి కార్డు వాళ్లది. అక్కడ ఊరందరికీ ఒకటే. నచ్చకపోతే బుజ్జిగాడి పేర ఇంకోటి తీయడం కుదరదు.

ఆ రోజువారీ వాక్యాలు చదివే అలవాటున్నవాడు డీట్రిష్ బాన్‌హోఫర్. హిట్లరును ఎదిరించిన పాస్టరు. 1939 జూన్‌లో స్నేహితులు ఆయన్ను న్యూయార్క్ పిలిపించారు. యుద్ధం రాబోతోంది, అమెరికాలో ఉద్యోగం ఉంది, ప్రాణం దక్కుతుంది. వెళ్లాడే గానీ మనసు నిలవలేదు. డైరీ నిండా అదే మథనం. జూన్ 26న చదువుతుంటే రెండో తిమోతి నాలుగో అధ్యాయం తగిలింది. రోమా జైల్లో ముసలి పౌలు తిమోతికి రాసుకున్న సొంత సంగతులు అవి. త్రోయలో కర్పు ఇంట్లో వదిలేసిన పైబట్ట తీసుకురా, పుస్తకాలు తీసుకురా, చలికాలం రాకముందే రావడానికి చూడు. అందులో వాగ్దానం లేదు, సిద్ధాంతం లేదు. చలికి భయపడుతున్న ఒక ముసలాయన కబురు. ఆ మాట రోజంతా తనను వదలకుండా వెంట తిరిగిందని బాన్‌హోఫర్ రాసుకున్నాడు. ఇలా తనకే చెప్పినట్టు తీసుకోవడం లేఖనాన్ని తప్పుగా వాడుకోవడం అవుతుందా అని కూడా ఆలోచించుకుని, కాదనుకున్నాడు. జులైలో తిరుగు ఓడ ఎక్కాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ క్యాంపులో ఆయన్ను ఉరితీశారు.

పద్ధతి ప్రకారం చూస్తే ఆయన చేసింది కూడా సందర్భం నుంచి మాటను విడదీయడమే. తిమోతికి రాసిన కబురు బెర్లిన్ వాడిది కాదు. పైగా ఇంటికి వెళ్లాలన్న కోరిక ఆయనలో అప్పటికే ఉంది, ఆ సంగతి ఆయన దాచలేదు కూడా. ఈ కథ ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు కనిపించే తేడా ఒకటే. ఆ వాక్యం ఆయన దగ్గర తీసుకుంది. అంతా సర్దుకుంటుందని చెప్పలేదు. వచ్చేయమంది, అంతే.

మన దగ్గరికి వద్దాం. మూసి ఉన్న బైబిలును పక్కనుంచి చూస్తే దాని యజమాని చదువు తెలిసిపోతుంది. ఎర్ర రంగు వేసిన అంచు మీద మొదట్లో ఒక నల్లటి పట్టీ, అది ఆదికాండం. నడిమధ్యన వేలి జిడ్డుకు బాగా మాసిన పట్టీ, కీర్తనలు. తర్వాత మత్తయి నుంచి యోహాను దాకా ఒకటి. మిగతా అంచు కొన్నప్పటి ఎరుపే. ఓబద్యా దగ్గర రంగుకు కాగితాలు అతుక్కుని ఉంటాయి, విడదీస్తే చిన్న చప్పుడు వస్తుంది. నా బైబిలు అంచు కూడా ఇంతకన్నా గొప్పగా ఏమీ ఉండేది కాదు.

మొత్తం 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో పూర్తవుతుందని సండే స్కూల్లోనే నేర్పుతారు. లెక్క సరిగ్గానే ఉంటుంది. కానీ ఆ లెక్కన జనవరి ఆఖరు వారానికి లేవీయకాండం తగులుతుంది. బలులు, కొవ్వు, మూత్రగ్రంథులు, తర్వాత 13, 14 అధ్యాయాల నిండా చర్మవ్యాధులూ గోడ మీది బూజూ. కొత్త సంవత్సరపు తీర్మానాలు ఎక్కువగా అక్కడే ఆగిపోతాయి. ఆగినవాళ్లను తప్పుపట్టలేం. కాకపోతే వాళ్లకు 19వ అధ్యాయం దక్కకుండా పోతుంది.

మా బాబాయిది రేపల్లె దగ్గర ఊరు. ఇంటిమీద గది వేయిస్తున్న రోజుల్లో నేను అక్కడున్నాను. కూలీల బట్వాడా శనివారం శనివారం. అదే ఆ చుట్టుపక్కల ఆనవాయితీ, ఎవరూ తప్పనుకోరు. వాళ్లింట్లో రాత్రి భోజనాల ముందు కుటుంబ ప్రార్థన, వరసగా రోజుకో అధ్యాయం, చదివేది మనవడు. వాడు ఇంగ్లీషు మీడియం పిల్లవాడు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఆ రాత్రి వాడి వంతుకు లేవీయకాండం 19 వచ్చింది. చేను కోసేటప్పుడు ఓరలు పూర్తిగా కోయకూడదు, రాలిన కంకులు ఏరకూడదు, అవి బీదలకూ పరదేశికీ వదలాలి అన్నచోట బాబాయి తలూపాడు. పదమూడో వచనం దగ్గర వాడు తడబడి, మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. పనిచేసినవాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదని ఉంది అక్కడ. తడబడటం వల్ల అందరూ రెండుసార్లు విన్నాం. బయట ఇసక కుప్ప పక్కన మేస్త్రి ఇంకా పార కడుక్కుంటున్నాడు. పిన్ని బాబాయి వైపు చూసింది. బాబాయి గొంతు సవరించుకుని, "ఊఁ, చదవరా, తర్వాత వచనం" అన్నాడు. తర్వాతది చెవిటివాణ్ని తిట్టొద్దని, గుడ్డివాడి ముందు అడ్డం పెట్టొద్దని.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి బాబాయి బండి తీసి ఏటీఎంకి వెళ్లొచ్చాడు. గది స్లాబు పడేదాకా బట్వాడా ఏ రోజుది ఆ రోజే జరిగింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడి చెప్పనూ లేదు. మన సాక్ష్యాల్లో జబ్బు నయమైన సంగతి ఉంటుంది, ఉద్యోగం వచ్చిన సంగతి ఉంటుంది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో పని జరిగిన సంగతి ఉంటుంది. ఈ వారం కూలి డబ్బులు ఏ రోజువి ఆ రోజే ఇచ్చానని ఎవరూ చెప్పగా వినలేదు. ఆత్మీయ ఎదుగుదల అని ప్రసంగాల్లో వినిపించేది అలాంటిదే కావచ్చు. కానీ దానికి చప్పట్లు పడవు, హల్లెలూయా అనే వీలూ ఉండదు. అంతకన్నా నాకు ముఖ్యమనిపించేది ఆ వచనం ఆయన దగ్గరికి వచ్చిన తీరు. ఎంచుకుని ఉంటే రాదు. మొన్న 17, నిన్న 18, ఇవాళ 19, అంతే. పిల్లవాడి వేలు కింద అది ఉంది కాబట్టి వచ్చింది.

పొద్దున్నే ఒంటరిగా కూర్చుని, టీ కప్పు పక్కన పెట్టుకుని ధ్యానం చేసుకోవడం మంచిదే. కానీ అదొక్కటే సరైన పద్ధతని చెప్పేవాళ్లు మన చరిత్రను మర్చిపోతారు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. అది చల్లారుతుండగా, 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలం. ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు. వాళ్లలో అక్షరం చదవగలిగినవాళ్లు బహు తక్కువ. వాళ్లకు రోజూ వాక్యం ఎలా అందింది? విడి గది లేదు, దీపానికి నూనె లేదు, పుస్తకం అసలే లేదు. పొద్దున్న చీకటితోనే పనిలోకి పోవాలి. కాబట్టి వాక్యం సాయంత్రానికి వచ్చింది. పాలెంలో ఉపదేశి ఒక దీపం కింద కూర్చుని చదివితే, పనినుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని కూర్చుని విన్నారు. ఒక వచనం ఆయన చెబితే వీళ్లు తిరిగి చెప్పారు. అది నోటికి రాకపోతే పాటలోకి ఎక్కింది. పురుషోత్తమ చౌదరిగారి లాంటివాళ్ల కీర్తనలు పుస్తకం లేని ఇళ్లకు పుస్తకమయ్యాయి. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య తమిళుడు, వచ్చి తెలుగు నేర్చుకున్నవాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన కాలంలోనూ పల్లె సంఘాలకు పట్టు ఈ పాఠం చెప్పే ఉపదేశులూ, పాటలూనే. విన్న వాక్యానికి ఒక సుగుణం ఉంది. చదివేవాడు పేజీ తిప్పితేగానీ మనం ముందుకు దూకలేం. కళ్లయితే నచ్చని పేరా దాటేస్తాయి, చెవికి ఆ సదుపాయం లేదు.

ఇప్పటి సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. ఫోనులో పొద్దున ఐదున్నరకే వాక్యం వస్తుంది, వెనక సూర్యోదయం బొమ్మ, మూలన పంపిన సంఘం పేరు, సెల్ నంబరు. ఆమెన్ అని కొట్టి, దండం పెట్టే చేతుల బొమ్మ ఒకటి వేసి తర్వాత మెసేజీకి వెళ్లిపోతాం. అదే వాక్యం డాలస్‌లో ఉన్న కూతురికి ముందు రోజు సాయంత్రంగా చేరుతుంది. ఇది చెడ్డదేమీ కాదు, తల్లీ కూతుళ్లకు రోజుకో పలకరింపు. వాక్యధ్యానం అనడానికి మాత్రం నాకు నోరు రాదు.

రోజువారీ ధ్యాన పుస్తకాల్లో తెలుగు ఇళ్లలో ఎక్కువగా నలిగింది 'ఎడారిలో సెలయేర్లు'. దాన్ని ఇంగ్లీషులో కూర్చింది లెటీ కౌమన్, జపాన్‌లో పనిచేసిన మిషనరీ భార్య. భర్తకు గుండెజబ్బు. ఏళ్ల తరబడి మంచం పక్కన కూర్చుని, తనకు ఊరటనిచ్చిన మాటలు ఎవరెవరివో పోగేసుకుంది. భర్త 1924లో పోయాడు, పుస్తకం మరుసటి ఏడు వచ్చింది. ఇంగ్లీషులో అంతే పేరున్న ఇంకో పుస్తకం ఆస్వాల్డ్ చాంబర్స్‌ది. ఆయన 1917లో కైరోలో అపెండిసైటిస్ ఆపరేషన్ తర్వాత చనిపోయాడు. ప్రసంగాలన్నీ భార్య షార్ట్‌హాండ్‌లో రాసిపెట్టుకుంది. వాటిలోంచి రోజుకో పేజీ చొప్పున కూర్చి 1927లో వేయించింది. ప్రపంచమంతా పొద్దున్నే తెరిచే ఈ రెండు పుస్తకాలూ ఇద్దరు భర్త పోయిన ఆడవాళ్ల చేతిపని. అందుకే వాటిలో సౌఖ్యం కబుర్లు తక్కువ.

మా పెద్దమ్మ దగ్గర మొదటిది ఉంది, అట్ట ఊడి, క్యాలికో గుడ్డతో అతికించి. కానీ ఆమెకు అది రెండోది. ముందు బైబిలు, అది కూడా వరసగా. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. మలాకీ, ఆ తర్వాత మత్తయి, ప్రకటన అయిపోగానే మర్నాడు మళ్లీ ఆదికాండం ఒకటి. చదివినచోట మార్జిన్లో తేదీ వేస్తుంది, ఇంకేమీ రాయదు. గీతలు గీయదు, రంగులు వేయదు. ఒకే అధ్యాయం పక్కన నీలం సిరా తేదీ, నల్ల సిరా తేదీ, ఎర్ర బాల్‌పెన్ తేదీ, మధ్యలో పెన్సిలుది. ఎప్పుడైనా తీరిగ్గా తిరగేస్తే అదొక ఇంటి చరిత్ర. హబక్కూకు మూడో అధ్యాయం ఆఖర్న, అంజూరపు చెట్టు పూయకపోయినా, చేలో పంట లేకపోయినా, సాలలో పశువులు లేకపోయినా నేను దేవుని యందు సంతోషిస్తానని ప్రవక్త అంటాడే, దాని పక్కన 20-11-77 అని ఉంది. దివిసీమ ఉప్పెన వచ్చింది అంతకు ముందు రోజు, 19న. అప్పుడు ఆమె ఉన్నది ఆ తీరానే. పశువులూ పోయాయి, చేలూ పోయాయి, మనుషుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆ రోజుకు తగిన వాక్యం వెతుక్కుని చదివావా అని నేనడిగాను. "వెతుక్కోవడానికి ఆ రోజు ఎవరికి తెలివుందిరా? ముందు రోజు రెండో అధ్యాయం అయింది" అంది. పక్క పేజీలో చూశాను. 19-11-77.

ఇప్పుడామెకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయినా చిన్న అచ్చు కుదరడం లేదు. నేను వెళ్లినప్పుడు చదివి పెడతాను, తేదీ కూడా నన్నే వేయమంటుంది. మొన్న వెళ్తే నెహెమ్యా మూడో అధ్యాయం. యెరూషలేము గోడ ఎవరెవరు ఎంతవరకు కట్టారో వరసగా పేర్లు, అంతే. వీళ్లను ఆనుకుని వాళ్లు, వాళ్లను ఆనుకుని వీళ్లు. కంసాలి ఒకడు, పరిమళద్రవ్యాలవాడొకడు, తెకోవ ఊళ్లో మాత్రం పెద్దమనుషులు ఒళ్లు వంచలేదట. నేను గబగబా చదువుకుపోతున్నాను. షల్లూము అనే ఒక అధికారి, అతని కూతుళ్లు కట్టారు అని చదివి తర్వాతదానికి వెళ్లబోతే ఆగమంది.

"ఎవరు కట్టారూ?"

"షల్లూమూ, అతని కూతుళ్లూ."

"ఇన్నిసార్లు చదివాను, ఆడపిల్లలు కట్టినట్టు చూడనేలేదు. మళ్లీ చదువు."

చదివాను.

"పేర్లు రాశాడా?"

"లేదు పెద్దమ్మా. కూతుళ్లు అని ఉంది, అంతే. ఎంతమందో కూడా లేదు."

"రాయడు" అంది. "సర్లే, తేదీ వెయ్యి. దీని పక్కనే వెయ్యి, అధ్యాయం చివర కాదు."